తలచినదొకటి, వ్రాసినదొకటి



"మాస్టారూ, సర్వరు నా మాట వినుటలేదు" అని నా పూర్వవిద్యార్థి యొకడు ఒకనాటి రాత్రి టెలిఫోనులో మొఱపెట్టుకొనెను. అతడు బుద్ధిమంతుడు, తన వృత్తియందు అనుభవము కలవాడు. బీదవిద్యార్థులకు కళాశాల జీతములు చెల్లించు ఒక చిన్న ధర్మసంస్థకు ప్రతిఫలము కోరక వెబ్ సైటును నడుపుచుండెను. ఆ సంస్థకు వచ్చిన దరఖాస్తులను పరిశీలించువారిలో నేనొకడను. గడువు రెండు దినములు మాత్రమే మిగిలియున్నది. విద్యార్థులు తమ మార్కుల పట్టికను, ఆదాయ ధ్రువపత్రమును, కళాశాలవారిచ్చిన రసీదును సెల్ ఫోనుతో ఫొటో తీసి దరఖాస్తుతో పంపవలయును. కొందఱి దరఖాస్తులు చేరుచున్నవి, పెక్కుమందివి తిరిగిపోవుచున్నవి. ఒక బాలిక తన దరఖాస్తును సంస్థవారు త్రోసివేసిరని తలచి, ఇక చదువు మానెదనని తల్లితో చెప్పినదట. ఈ సంగతి ఆమె అధ్యాపకునివలన మాకు తెలిసినది. నిజమునకు ఆ దరఖాస్తును మనుష్యుడెవ్వడును చూచియే యుండలేదు. యంత్రము వాకిటనే త్రిప్పి పంపినది.

ఆ రెండు దినములును నేనతని ప్రక్కన కూర్చుంటిని. యంత్రవిద్య నేను నేర్చినది కాదు. కాని నియమములను చదువుట, రెండు నియమములు తగవులాడినపుడు ఏది బలవత్తరమో నిర్ణయించుట, నాకు చిన్ననాటినుండి అలవడిన పని. అచ్చట కన్నులార చూచినదానిని, పిమ్మట చదివి తెలిసికొన్నదానిని కలిపి, వెబ్ సర్వరు మనమెదురుచూడని విధముగా ఏల ప్రవర్తించునో, దాని కారణమును వెదకు క్రమమెట్టిదో నేడు మనవి చేసెదను.

మొదట సర్వరన నేమో చెప్పవలయును. మీరు ఒక వెబ్ సైటు పేరును నొక్కినపుడు మీ బ్రౌజరు ఆ పేరుగల స్థానమునకు ఒక విన్నపమును పంపును. ఎక్కడనో రేయింబవళ్లు మేల్కొనియుండు కంప్యూటరులో ఒక ప్రోగ్రాము ఆ విన్నపమును అందుకొని, కోరిన పుటను పంపును; లేనిచో లేదనును; ఈయరానిదైనచో ఈయననును. ఆ ప్రోగ్రామే వెబ్ సర్వరు. 1990వ సంవత్సరమున సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ మొట్టమొదటి వెబ్ సర్వరును నిర్మించెను. 1995లో అపాచి యను సర్వరు వెలువడినది. 2004లో రష్యా దేశస్థుడగు ఇగోర్ సిసోయెవ్, ఇంజిన్-ఎక్స్ అను సర్వరును లోకమునకు ఉచితముగా నొసగెను. ఈ రెండును నేటికిని విస్తారముగా వాడుకలో నున్నవి. నా శిష్యుడు వాడుచుండినది ఇంజిన్-ఎక్స్.

ఇట్టి సర్వరునకు ఏమి చేయవలయునో తెలుపు పత్రమును కాన్ఫిగరేషన్ ఫైలందురు. నేను దానిని నియమపత్రమనెదను. అది రహస్యలిపి కాదు. మామూలు అక్షరములతో వ్రాసిన వాక్యముల వరుస. ఈ పేరుతో వచ్చినవారికి ఈ పుటలు చూపుము, ఇంత పరిమాణము మించిన సరకును లోనికి రానీయకుము, ఈ గదిలోనికి ఎవ్వరిని పోనీయకుము అని యుండును. వాక్యము ముగిసినదనుటకు గుర్తుగా సెమికోలను పెట్టవలయును. ఒక విషయమునకు సంబంధించిన వాక్యములను మీసపు కుండలీకరణముల నడుమ ఒక ఖండముగా కూర్పవలయును. ఒక ఖండములో మఱియొక ఖండము ఉండవచ్చును.

ఇచ్చట ఒక సంగతి గట్టిగా జ్ఞాపకముంచుకొనదగినది. మనము తలచినది ఒకటి, వ్రాసినది ఒకటి, సర్వరు చదివినది ఒకటి. ఈ మూడును ఒక్కటియైననాడు ఏ చిక్కును లేదు. సర్వరు మాట వినలేదని మనమనునపుడు, సాధారణముగా ఈ మూడింటిలో ఏ రెండో విడిపోయియుండును. ఎచ్చట విడిపోయినవో కనుగొనుటయే దోషపరిశోధనము. మిగిలిన దిద్దుబాటు ఒక నిమిషపు పని.

ఇక మా కథకు వత్తును. నేనడిగిన మొదటి ప్రశ్న: "నాయనా, ఎవరివి చేరుచున్నవి? ఎవరివి తిరిగిపోవుచున్నవి?" పని చేయుటలేదనుట రోగలక్షణము కాదు, అది రోగి మూలుగు మాత్రమే. ఎప్పుడు పని చేయును, ఎప్పుడు చేయదు అనునది లక్షణము. చేరిన దరఖాస్తులను తెఱచి చూచితిమి. అన్నిటిలోను మూడు ఫొటోల మొత్తము ఒక మెగాబైటునకు లోబడియే యున్నది. పాత ఫోనులతో తీసిన చిన్న ఫొటోలు చేరినవి. క్రొత్త ఫోనులతో తీసిన పెద్ద ఫొటోలు చేరలేదు. ఇంతవఱకు తెలియుటతో సగము పని తీరినది.

రెండవ మెట్టు చిట్టాను చూచుట. ప్రతి సర్వరును తనకడకు ఎవరు ఎప్పుడు వచ్చిరో, తానేమి బదులు చెప్పెనో ఒక ఫైలులో వ్రాసికొనుచుండును. దానిని లాగ్ ఫైలందురు. షావుకారు చిట్టావంటిదే ఇది. దీనితోపాటు తనకు తోచిన తప్పులను వ్రాయు వేఱొక చిట్టాయు నుండును. బదులు మూడంకెల సంఖ్యతో నుండును. 200 అనగా కోరినది ఇచ్చితిననుట. 301 అనగా ఆ పుట శాశ్వతముగా వేఱొకచోటికి పోయినదనుట. 403 అనగా ప్రవేశము లేదనుట. 404 అనగా అట్టి పుట లేదనుట. 500, ఆ పైబడిన సంఖ్యలు సర్వరు వైపుననే చిక్కు వచ్చెననుట. మా చిట్టాలో వరుసగా 413 కనబడినది. వచ్చిన సరకు మితిమీఱినదని దాని యర్థము. తప్పుల చిట్టాలో ఆ మాటయే మఱింత విశదముగా నున్నది.

"ఆ మితిని నేనెక్కడను వ్రాయలేదు గదా, మాస్టారూ?" అని నా శిష్యుడాశ్చర్యపడెను. ఇది మొదటి పాఠము. వ్రాయనిచోట నియమము లేదని తలపరాదు. మనము మిన్నకున్నచో సర్వరు తనకు నిర్మాత నేర్పిన నియమమును పాటించును. ఇంజిన్-ఎక్స్ లో ఆ మితి ఒక మెగాబైటు. దానిని మార్చు నియమము పేరు క్లయింట్-మాక్స్-బాడీ-సైజ్. నా శిష్యుడు ఇరువది మెగాబైట్లని వ్రాసి, నియమపత్రమును మఱల చదువుమని సర్వరునకు ఆజ్ఞ యిచ్చెను. ఫొటోలు మఱల తిరిగిపోయినవి.

ఇచ్చట రెండవ పాఠము. సర్వరు నియమపత్రమును ప్రతి విన్నపమునకును చదువదు. ప్రారంభమైనపుడును, మఱల చదువుమని మనము చెప్పినపుడును మాత్రమే చదువును. అట్లు చదువునపుడు క్రొత్త పత్రములో దోషమున్నచో ఇంజిన్-ఎక్స్ దానిని త్రోసిపుచ్చి, పాత నియమములతోనే యథాప్రకారముగా నడచును. ఇది మంచి గుణమే. ఒక్క అక్షరదోషముచేత వెబ్ సైటంతయు మూతపడకుండును. కాని క్రొత్త నియమము అమలులోనికి వచ్చెనని భ్రమపడువానికి ఇదే ఉచ్చు. మా విషయమున అట్లే జరిగినది. తొందరలో వాక్యము చివర సెమికోలను విడిచెను. సర్వరు ఆ సంగతిని తప్పుల చిట్టాలో నమోదు చేసి మిన్నకున్నది. ఇతడు చిట్టాను చూడలేదు.

దీనికి మందు కలదు. ఇంజిన్-ఎక్స్ అను పేరు ప్రక్కన చిన్నబడి టి అను అక్షరమును గీతతో చేర్చి ఆజ్ఞ యిచ్చినచో, అది నియమపత్రమును అమలుపెట్టక పరీక్ష మాత్రము చేసి ఫలితమును చెప్పును. అపాచికి కాన్ఫిగ్-టెస్ట్ అను ఆజ్ఞ అట్టిదే. పరీక్షించిన పిమ్మటనే మఱల చదివింపవలయును. మఱియొక చిన్న మెలకువ కూడ కలదు. పరీక్షలో తప్పు ఏ పంక్తిలో నున్నదో సంఖ్యతో చూపును. సెమికోలను లోపించినచో, వాక్యము ముగియలేదను సంగతి సర్వరునకు తరువాతి పంక్తికి పోయినగాని తెలియదు. కావున అది చూపిన పంక్తి నిర్దోషముగా కనబడినచో, దానికి పైనున్న పంక్తిని చూడుడు. పద్యములో యతి తప్పినదని గ్రహించుట యతిస్థానమున. తప్పు పుట్టినది అంతకు ముందు కావచ్చును.

సెమికోలను పెట్టితిమి. పరీక్ష సఫలమైనదని యంత్రము చెప్పినది. మఱల చదివించితిమి. ఐనను ఫొటోలు తిరిగిపోయినవి. అప్పటికి అర్ధరాత్రమైనది. నా శిష్యుడు విసిగి, సర్వరునే తీసివేసి క్రొత్తదానిని పెట్టెదననెను. నేను వలదంటిని. కారణము తెలియక మార్చినచో, రోగము కుదిరినను ఏ మందుచేత కుదిరినదో తెలియదు. కుదురనిచో రెండు రోగములగును.

"పరీక్ష ఏమి చెప్పినదో మొదటినుండి చివఱిదాక చదువుము" అంటిని. అతడు చివఱి పంక్తిని మాత్రమే చదువుచుండెను. దానికి పైన ఒక హెచ్చరిక కలదు. ఒకే పేరుతో రెండు ఖండములున్నవి, కావున ఒకదానిని విడిచిపెట్టితినని సర్వరు మెల్లగా గొణిగినది. సంగతి యేమనగా, మా సర్వరు తన నియమములను ఒక ఫైలునుండి కాక ఒక ఫోల్డరులోని ఫైళ్లన్నిటినుండి గ్రహించును. నా శిష్యుడు దిద్దుబాటు మొదలిడుటకు ముందు జాగ్రత్తకై పాతపత్రమునకు నకలు తీసి అదే ఫోల్డరులో నుంచెను. అసలు ఫైలు పేరు విద్య. నకలు పేరు పాతవిద్య. సర్వరు ఆ ఫైళ్లను ఆంగ్లాక్షరక్రమమున చదువును. ఆ క్రమముననేమి, మన యక్షరమాలలోనేమి, పకారము వకారమునకు ముందే గదా! అందుచేత పాతపత్రమును ముందు చదివి, అందున్న పేరునే ప్రమాణముగా గైకొని, వెనుక వచ్చిన క్రొత్తపత్రమును విడిచినది. రెండు గంటలుగా మేము దిద్దుచున్న పత్రమును సర్వరు అసలు పాటించుటయే లేదు. జాగ్రత్తకై చేసిన పనియే తప్పునకు మూలమైనది. నకలు తీయుట తప్పు కాదు. దానిని సర్వరు చదువుచోట నుంచుట తప్పు.

మనము దిద్దునది సర్వరు పాటించుచున్న పత్రమేనా అను సందేహము ఎల్లపుడు మొదటనే రావలయును. అది తీర్చుకొనుటకు పెద్దబడి టి అక్షరముతో ఆజ్ఞ యిచ్చినచో, ఇంజిన్-ఎక్స్ తాను గ్రహించు ఫైళ్లన్నిటిని పేర్లతోసహా చదివి వినిపించును. అపాచికి పెద్దబడి ఎస్ అక్షరమిచ్చినచో ఏ పేరు ఏ ఫైలులో ఏ పంక్తిలో నున్నదో చూపును. శిష్యుని చేత పాఠమప్పగింపించుకొన్నట్లే సర్వరు చేత ఒకమాఱు పాఠమప్పగింపించుకొనుట మేలు.

నకలును వేఱొకచోటికి తరలించితిమి. ఈమాఱు 413 మాయమైనది. కాని మధ్యరకపు ఫొటోలు చేరినవి. మిక్కిలి పెద్దవి చేరలేదు. దరఖాస్తు చేరినను అందులో ఫొటో ఉండదు. నా శిష్యుడు తల పట్టుకొనెను. నాకు మాత్రము ఆశ కలిగినది. లక్షణము మాఱినదనగా మనమొక ద్వారమును దాటి మఱియొక ద్వారముకడకు వచ్చితిమనుట. సర్వరు వెనుక దరఖాస్తులను స్వీకరించునది పీహెచ్‌పీ అను భాషలో వ్రాసిన ప్రోగ్రాము. దానికిని వేఱు నియమపత్రమున్నది. మనము మార్చనిచో అందులో ఒక్కొక ఫైలునకు మితి రెండు మెగాబైట్లు, మొత్తము దరఖాస్తునకు మితి ఎనిమిది. ఒక్కొక ఫొటోకు ఐదు, మొత్తమునకు ఇరువదియని మార్చి, ఆ ప్రోగ్రామును తిరిగి ప్రారంభించిన పిమ్మట పెద్ద ఫొటోలును చేరినవి. విన్నపము ఎన్ని ద్వారములు దాటవలయునో అన్నిటికిని లెక్క కట్టనిదే ఒక్క ద్వారమును వెడల్పు చేసిన ఫలము లేదు.

శ్రోతలారా, ఇంతవఱకు చెప్పినవి బయటపడిన దోషములు. వీనిలో కొన్ని కేకవేయును. సెమికోలను లోపించుట అట్టిది. కొన్ని గొణుగును, రెండు పత్రములలో ఒకే పేరుండుట అట్టిది. మూడవ తెగ ఒకటి కలదు. అది నోరు మెదపదు. పని సవ్యముగా జరుగుచున్నట్లే యుండును. అన్నిటికంటె భయంకరమైనది అదియే.

తెల్లవారుజామున నేనొక మాట అడిగితిని: "ఈ పిల్లల ఆదాయ ధ్రువపత్రములు మనకుదక్క ఇతరులకు కనబడవు గదా?" "కనబడవు, మాస్టారూ. ఆ ఫోల్డరునకు ఎవ్వరిని రానీయవలదని నియమము వ్రాసితిని" అని అతడు చూపెను. నియమము స్పష్టముగానే యున్నది. "చూచితివా?" అంటిని. బయటి కంప్యూటరునుండి ఆ ఫోల్డరు పేరు నొక్కెను. 403, ప్రవేశము లేదు. అతడు నవ్వెను. "ఫోల్డరును కాదు, అందున్న ఫొటోను అడుగుము" అంటిని. అడిగెను. ఒక విద్యార్థి తండ్రి పేరు, ఇంటి చిరునామా, సంవత్సరపు ఆదాయము తెరమీద నిలిచినవి. మేమిద్దఱము కొంతసేపు మాటాడలేదు.

దీనికి కారణము తెలియవలెనన్న, ఇంజిన్-ఎక్స్ ఖండమును ఎట్లెన్నుకొనునో తెలియవలయును. స్థలమును తెలుపు ఖండములు రెండు తెగలు. మొదటి తెగ, ఈ మొదలుగల దారి యని చెప్పునది. రెండవ తెగ, ఈ రూపముగల పేరు యని చెప్పునది. మొదటి తెగలో పెక్కు సరిపడినచో అన్నిటికంటె పొడవైనదానిని సర్వరు ఎన్నుకొని గుర్తుంచుకొనును. పిమ్మట రెండవ తెగను పత్రములో వ్రాసిన వరుసలో చూచును. అందులో ఏది మొదట సరిపడిన దానినే చేపట్టి, ముందు గుర్తుంచుకొన్నదానిని విడిచివేయును. ఎన్నుకొన్నది ఒక్క ఖండమే. విడిచినదానిలోని నిషేధము వర్తింపదు. నా శిష్యుడు ఫోల్డరును మూయు నియమమును మొదటి తెగలో వ్రాసెను. అంతకు పూర్వమెన్నడో, ఫొటోలను బ్రౌజరులు నెలదినములు దాచుకొనవచ్చునని రెండవ తెగలో వ్రాసెను. ఫొటో కోరినవానికి రెండవ తెగ నియమమే వర్తించినది. తలుపునకు తాళము వేసి, గోడకు కన్నము విడిచినట్లైనది.

సంస్కృత వ్యాకరణము చదివినవారికి ఇది సుపరిచితమైన తగవు. సామాన్యనియమము ఉత్సర్గము, దానిని బాధించు విశేషనియమము అపవాదము. సమబలములగు రెండు సూత్రములు ఒకేచోట ప్రాప్తించినచో పాణిని మతమున పరమైనది గెలుచును. ఇంజిన్-ఎక్స్ లో, రూపమును చెప్పు ఖండములలో ముందు వ్రాసినది గెలుచును. దారిని చెప్పువానిలో పొడవైనది గెలుచును. అపాచిలో, ఒకే తెగ ఖండములు కలియునపుడు సామాన్యముగా తరువాత చదివినది మునుపటిదానిని త్రోసివేయును. ఆ అపాచిలోనే, ఏ పేరునకును సరిపడని విన్నపము మొట్టమొదట వ్రాసిన సైటునకు పోవును. అందుచేతనే ఒక సైటును కోరినవానికి సంబంధము లేని మఱియొక సైటు కనబడుచుండుట. ఒక శాస్త్రపు పరిభాషను మఱియొక శాస్త్రమునకు తగిలింపరాదు. నియమములు తెలిసిననే చాలదు. నియమముల తారతమ్యమును నిర్ణయించు నియమము తెలియవలయును.

ఇట్టిదే అనువృత్తి విషయము. పైసూత్రములోని పదము దిగువసూత్రములకు వచ్చుచుండుట అనువృత్తి. ఇంజిన్-ఎక్స్ లోను వెలుపలి ఖండములోని నియమములు లోపలి ఖండములకు వచ్చును. పుటలతోపాటు కొన్ని రక్షణసూచనలను బ్రౌజరునకు పంపుటకు యాడ్-హెడర్ అను నియమము కలదు. వెలుపల అట్టివి నాలుగు వ్రాసి, లోపలి ఖండములో ఐదవదానిని వ్రాసినచో మొత్తము ఐదగునని మనమనుకొందుము. కాని సామాన్యముగా, లోపల ఒక్కటి వ్రాయగనే పై నాల్గింటి అనువృత్తి తెగిపోవును. ఆ ఒక్కటియే మిగులును. పరీక్షలో తప్పుండదు; చిట్టాలో హెచ్చరికయు నుండదు. అపాచిలో వేఱొక మౌనదోషము కలదు. హెచ్‌టీ-యాక్సెస్ అను చిన్న ఫైలును ఫోల్డరులోనుంచి దానికి కావలి పెట్టుట పలువురి యలవాటు. 2012లో వెలువడిన 2.4 శ్రేణినుండి, అట్టి ఫైళ్లను పాటింపుమని ప్రధాన నియమపత్రములో చెప్పనిచో అపాచి వానివంక చూడనే చూడదు. కావలివాడు నిలుచుండియే యుండును, వానికి అధికారముండదు.

మా ఫోల్డరు సంగతి వెంటనే సరిచేసితిమి. దారిని చెప్పు ఖండమునకు ఒక చిన్న గుర్తును చేర్చినచో, అది సరిపడినపుడు సర్వరు రెండవ తెగను వెదకదు. అటుపిమ్మట ఆ ఫోల్డరునే సర్వరు పుటలుంచు స్థలమునుండి బయటికి తరలించితిమి. ఉండకూడనిచోట ఉన్న వస్తువునకు కావలి పెట్టుటకంటె దానిని అచ్చట ఉంచకుండుట మేలు. చిట్టాను మొదటినుండి వెదకగా, ఆ ఫొటోలను బయటినుండి కోరినవారు మేము దక్క ఎవ్వరును లేరని తేలినది. అది మా తెలివి కాదు, అదృష్టము.

సర్వరును దిద్దినను తీరని దోషమొకటి కూడ చెప్పి క్రమమును సంగ్రహించెదను. ఒక పుట శాశ్వతముగా తరలిపోయినదని 301 బదులిచ్చినచో బ్రౌజరు ఆ మాటను దాచుకొని, మఱల సర్వరు నడుగకయే క్రొత్తచోటికి పోవుచుండును. ఆ దారి తప్పుగా వ్రాసియుండి పిమ్మట దిద్దినను, చూచిన బ్రౌజరునకు తప్పుదారియే జ్ఞాపకము. కావున తొలుత 302 అను తాత్కాలికపు బదులుతో పరీక్షించి, సరియైనదని తేలిన పిమ్మటనే శాశ్వతము చేయవలయును. పరీక్షించునపుడు పాత జ్ఞాపకములు లేని క్రొత్త బ్రౌజరు కిటికీని గాని, కర్ల్ అను ఆజ్ఞను గాని వాడవలయును.

ఇక క్రమము. మొదటిది, ఎప్పుడు చెడుచున్నదో ఎప్పుడు చెడుటలేదో విడదీయుట. రెండవది, ఊహించుటకు ముందు రెండు చిట్టాలను చదువుట. మూడవది, సర్వరు ఏ పత్రమును పాటించుచున్నదో దానిచేతనే చెప్పించుట. నాల్గవది, పరీక్షఫలితమును హెచ్చరికలతోసహా పూర్తిగా చదివి, పిమ్మట మఱల చదివించుట. ఐదవది, ఒకమాఱు ఒకే మార్పు చేసి, చేసినదానిని తేదీతో వ్రాసికొనుట. ఆఱవది, జరుగవలసినది జరుగుచున్నదా అని చూచి ఊరకుండక, జరుగరానిది జరుగకున్నదా అని కూడ చూచుట. ఈ ఆఱవదానిని చేయువారరుదు. తలుపు తెఱచుకొన్నదని సంతోషించువారు పలువురు. మూసిన తలుపును త్రోసి చూచువారు కొందఱు.

మా సంస్థవారు గడువును వారము దినములు పొడిగించి కళాశాలలకు తెలియజేసిరి. ఆ బాలిక మఱల పంపినది. ఆమె దరఖాస్తు మాకు చేరినది. కాని తిరిగిపోయినవారందఱి పేర్లును మాకు తెలియవు. చిట్టాలో కంప్యూటరు సంఖ్యలుండునే గాని మనుష్యుల పేర్లుండవు. ఎందఱు మఱల రాలేదో చెప్పజాలను. సర్వరుచేత 413 కు బదులు మన భాషలో ఒక పుటను చూపింపవచ్చును. కాని బ్రౌజరులు ఈ బదులును సరిగా చూపలేకపోవుట కలదు. అందుచేత నా శిష్యుడు దరఖాస్తు పుటలోనే, ఫొటోల పెట్టెకు పైన, ఇట్లు వ్రాసెను: "ఒక్కొక ఫొటో ఐదు మెగాబైట్లకు మించరాదు. ఫొటో పోనిచో మీ దరఖాస్తును నిరాకరించినట్లు కాదు. ఈ నెంబరునకు ఫోను చేయండి." దిగువ తన నెంబరును వేసెను.

నియమపత్రములో సెమికోలను ఎంత యవసరమో, ఆ మూడు వాక్యములును అంత యవసరము. మొదటిది యంత్రమునకు, రెండవది మనుష్యునకు. రెంటిలోను మనము తలచినది వేఱు, ఎదుటివారు చదువునది వేఱు కాకుండ చూచుకొందుముగాక.